ఏడో ప్యాచ్

ఊడ్పు నెల, 1వ రోజు

ఈ ఏడాది చీపురు నా గుమ్మం దాకా వచ్చింది.

పొద్దున టీ పెట్టుకుని, అందరం ఉత్తరాలు రాసుకునే లిస్టు తెరిచాను. ఊడ్పు నెల మొదలైతే ఉత్తరాలకి కొదవుండదు. తెప్పలోంచి ఏ కోడ్ తీసేయొచ్చో, ఏది బూజు పట్టిందో ఎవరికి తోచింది వాళ్ళు రాస్తారు. శని దగ్గరున్న మా రెండు రేవుల్లోనూ గాలి పంపు దగ్గర్నుంచి వంటశాల పొయ్యి దాకా అన్నిటినీ నడిపే సిస్టమ్ తెప్పే. అది ఒకరి సొత్తు కాదు. ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా కోడ్‌లో మార్పు రాసి ప్యాచ్‌గా పంపొచ్చు. ఇంకొకరు దాన్ని చదివి "చూశాను" అని సంతకం పెడితేనే లోపలికి వెళ్తుంది.

ముప్ఫై ఒకటో ఉత్తరం ఇది: "గొట్టం రేడియో డ్రైవర్ తొలగింపు. 4,112 వరుసలు. వాడేవారు: ఎవరూ లేరు. - షంషాద్."

ఎవరూ లేరట! నేను మనిషిని కాను కాబోలు.

ఆ డ్రైవర్, అంటే ఆ రేడియోని నడిపే కోడ్, రాసింది మా ఆయన దాలయ్య. ఆ రకం రేడియో ఉన్నది ఒకే ఒక్క పంటులో, సరుకు మోసే ఓడలో. శని వలయాల అంచు నుంచి మంచు తెస్తామని ఆ పంటు తీసుకుని నలుగురు వెళ్ళారు, పంతొమ్మిదేళ్ళయింది. దాలయ్య ఆ నలుగురిలో ఉన్నాడు. వెళ్ళే ముందు రోజు కూడా ఈ డ్రైవర్ గురించే పోట్లాడుకున్నాం. ఇంత పొడుగు దేనికయ్యా, చెత్త తీసి శుభ్రం చేయమంటే, "వచ్చాక చేస్తానే రత్నం, నా చెవిలో జోరీగ గోల ఆపు" అన్నాడు. వచ్చాక అన్నాడు. నేనింకా ఆ మాట మీదే ఉన్నాను.

ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు దాన్ని తీస్తామంటారు. నేను "వాడుతున్నాను - నూకరత్నం" అని రాస్తాను. నా మొహం చూసి వదిలేస్తారు. ఈసారీ రాశాను.

2వ రోజు

షంషాద్ ఎగువ రేవు నుంచి ఫోన్ చేసింది. తెప్పకి ఇప్పుడు పెద్ద దిక్కు ఆ అమ్మాయే. ముప్ఫై మూడేళ్ళు. నా కళ్ళ ముందు కోడ్ రాయడం నేర్చుకుంది.

"పిన్నిగారూ, బాగున్నారా? కోపంగా ఉన్నారా?"

"రెండూను."

"తిట్టేముందు ఒక్క మాట వినండి. పోయిన నెల మా పురిటి గదిలో మూడు రోజుల పసిగుడ్డుకి ఊపిరి ఆగిపోయిందండీ. నర్సు పక్క మంచం దగ్గరే ఉంది. పిల్ల నీలంగా మారాక గాని చూసుకోలేదు. బతికింది, అల్లా దయ. ప్రతిసారీ అలా జరగదు కదండీ. ఊపిరికి కాపలా కాసే కోడ్ రాశాం. దానికి 2,900 వరుసల చోటు కావాలి."

"పురిటి గదికీ నా రేడియోకీ ఏంటమ్మా సంబంధం?"

అడగనైతే అడిగాను గాని జవాబు నాకు తెలియంది కాదు. మా దగ్గర ఏ బోర్డు పీకి ఏ యంత్రంలో పెట్టినా పనిచేసి తీరాలి. పొయ్యి బోర్డు తెచ్చి గాలి పంపుకి పెట్టుకున్న రోజులున్నాయి, అందుకే ఇంతమందిమి మిగిలాం. కాబట్టి ప్రతి బోర్డులోనూ తెప్ప మొత్తం ఉంటుంది. కొత్త బోర్డులు రావు. ఒకటి లోపలికి రావాలంటే ఇంకొకటి బయటికి పోవాలి.

"అంతా వెతికానండీ. పాత తలుపులవీ, కొలిమివీ అన్నీ తీసేశాను. ఇంక పెద్దది మీదొక్కటే."

"నాది కాదు. దాలయ్యది."

"అవునండీ, బాధ్యుల పట్టీలో ఇప్పటికీ ఆయన పేరే ఉంది." ఏ కోడ్‌ని ఎవరు చూసుకోవాలో చెప్పే ఆ పట్టీలోంచి ఎవరి పేరు వాళ్ళే తీసుకోవాలి, ఇంకొకరు తీయకూడదన్నది రూలు. ఆ రూలు రాసింది నేనే. "పదేళ్ళలో ఆ రేడియోలో ఒక్క మాట వినబడినట్టు రుజువు చూపించండి పిన్నిగారూ. నా ప్యాచ్ నేనే వెనక్కి తీసుకుంటాను. నెలాఖరు దాకా చూస్తాను."

రుజువు లేదు. న్యాయం ఆ పిల్ల పక్కనే ఉంది. నాకు మంట అందుకే.

5వ రోజు

వంటశాలలో ఇవాళ నా వంతు. చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే అప్పలస్వామి బాబాయి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు పంటులన్నిటికీ దారి లెక్కలు కట్టింది ఈయనే.

"ఏటమ్మా రత్నం, రోజులు లెక్కెడతన్నావా లేదా?"

"ఏం రోజులు బాబాయ్?"

"ఓసి పిచ్చిదానా! ఇంజను ఆగిపోతే పంటు ఎక్కడికీ పోదు, శని చుట్టూ తిరుగుతానే ఉంటాది అని సెప్పానా? తొమ్మిదిన్నరేళ్ళకోసారి మన దగ్గరకంటా వత్తాది. ఈ నెల పందొమ్మిది నుంచి ఇరవై నాలుగు దాకా రేడియోకి అందుతాది."

చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. మరిచిపోలేదు. మరిచిపోయినట్టు ఉండడం అలవాటు చేసుకున్నాను. కిందటిసారి వచ్చినప్పుడు ఆరు రోజులూ యాంటెన్నా గదిలోనే కూర్చున్నాను. చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా రాలేదు. పంటు పగిలిపోయి ఉంటుందని ఊరంతా తేల్చేసింది. నేను మాత్రం తేల్చుకోలేదు.

ఇరవై నాలుగు అంటే నెలాఖరు లోపే. ఒక్క మాట వినబడితే చాలు.

9వ రోజు

పంటు వచ్చే లోపు డ్రైవర్ బాగుందో లేదో చూసుకుందామని కూర్చున్నాను. సిగ్గు విడిచి రాస్తున్నాను. పంతొమ్మిదేళ్ళుగా దానికి కాపలా ఉన్నాను గాని ఒక్కసారీ చదవలేదు. మొదటి వరుసలోనే దాలయ్య పేరు ఉంటుంది. అది దాటి ముందుకి పోవడం నావల్ల కాలేదు.

ఇవాళ పోయాను. 1,870వ వరుస దగ్గర ఆగిపోయాను.

రేడియోలో ఎప్పుడూ గరగర ఉంటుంది. ఎంత బలంగా వస్తే మాట కింద లెక్క, ఎంత తక్కువైతే గరగర అని పారేయాలి అని చెప్పడానికి ఒక అంకె ఉంటుంది. అక్కడ ఎనిమిది ఉంది. దాలయ్య పెట్టింది మూడు. నాకెలా గుర్తుందంటే ఆ మూడు కోసం రెండు రోజులు మాటలు మానేశాం. మూడు పెడితే చెత్తంతా లోపలికి వస్తుందని నేను. "దూరాన్నించి పిలిచేవాడు గట్టిగా పిలవలేడే" అని అతను.

తెప్పలో పాత మార్పులన్నీ ఎవరు చేశారో ఎప్పుడు చేశారో రాసి ఉంటాయి. వెతికాను. పదకొండేళ్ళ కిందట ఒక శుభ్రం ప్యాచ్: "అన్ని రేడియోలకూ ఒకే అంకె." నలభై ఒక్క ఫైళ్ళలో ఒక్కో వరుస మార్పు. రాసింది షంషాద్. అప్పుడు ఇరవై రెండేళ్ళ పిల్ల, అదే తన మొదటి ప్యాచ్. దాని కింద సంతకం: "చూశాను - నూకరత్నం."

చూడలేదు. మూడు ఫైళ్ళు చూశాను. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలదా అనుకున్నాను. కొత్త పిల్ల, సంతోషపడుతుందని కూడా అనుకున్నాను. సంతకం పడేశాను.

పదకొండేళ్ళ కిందట. పంటు మొదటిసారి మా మీదుగా వెళ్ళింది తొమ్మిదిన్నరేళ్ళ కిందట.

ఆ ఆరు రోజులూ నేను చెవులు రిక్కించుకుని కూర్చున్న రేడియోకి చెవులు లేవు. నేనే మూసేశాను. దాలయ్య పిలిచాడేమో. పిలిచి పిలిచి, మా ఇంటి ముందు నుంచే వెళ్ళిపోయాడేమో. దేవుడా, నేనేం చేశాను.

10వ రోజు

షంషాద్‌కి నేనే ఫోన్ చేసి అంతా చెప్పాను.

"పిన్నిగారూ, అది నా మొదటి ప్యాచ్. మా అమ్మ దాన్ని ప్రింటు తీయించి గోడకి పెట్టింది."

"తెలుసు. సంతకం నాది."

"రాసింది నేను కదండీ."

"రాసేవాళ్ళు తప్పులు రాస్తారమ్మాయ్. అందుకేగా చూసేవాళ్ళని పెట్టుకుంది. నీ తప్పు కాదు, నువ్వు ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు ఏడవడానికి తీరిక ఉండదు."

ముక్కు చీదుకుని పనిలో పడింది. మంచి పిల్ల. "ఎనిమిది తీసి మూడు పెట్టాలంటే కొత్త మార్పవుతుంది. ఊడ్పు నెలలో ఆఖరి రోజు దాకా తీయడమే గాని పెట్టడం లేదు కదండీ."

"రూలు రాసినదాన్ని నాకే చెప్తున్నావా?"

"అది కాదండీ. నా పాత ప్యాచ్‌ని నేనే ఊడ్చేస్తాను. పైది పోతే కింద ఉన్న మూడు దానంతటదే బయటపడుతుంది. ఊడవడమే కదా, ఎవరూ కాదనరు." ఆగింది. "కానీ పిన్నిగారూ, ఇరవై నాలుగు దాటాక కూడా ఏమీ వినబడకపోతే..."

"వినబడకపోతే డ్రైవర్ తీసేసే ప్యాచ్ మీద మొదటి సంతకం నాది. పసిపిల్లల ఊపిరి కన్నా నా గరగర ఎక్కువ కాదులే."

అనేశాను.

20వ రోజు

నిన్నట్నుంచీ యాంటెన్నా గదిలో ఉన్నాను. అంకె మూడుకి వచ్చింది. దాలయ్యా, నేను చెప్పానా లేదా? చెత్తంతా లోపలికి వస్తోంది. తెర నిండా అర్థం లేని అక్షరాలు. ఒకదాని కింద ఒకటి చదువుతున్నాను. ఒక్కటీ వదల్లేదు. ఇప్పుడు ఒక మెతుకు సరిపోదు, గిన్నెడు అన్నమూ పట్టి చూడాలి.

బాబాయి పెసరట్లు తెచ్చాడు. తిన్నానో లేదో గుర్తు లేదు.

21వ రోజు

ఏమీ లేదు.

22వ రోజు

మధ్యాహ్నం భోజనాల గంట కొట్టారు. బాబాయి లేచి, "పదమ్మా, రెండు ముద్దలు తిని వద్దువుగాని" అంటున్నాడు. నేను తెర వైపే చూస్తూ లేచాను. గరగర మధ్యలో ఒక వరుస వచ్చింది.

"తెప్ప ప్యాచ్. 7లో 0. గొట్టం రేడియో డ్రైవర్ శుభ్రం."

నేను పెట్టిన కేకకి బాబాయి చేతిలో కంచం జారిపోయింది.

ఏడు ముక్కల ప్యాచ్ పంపేటప్పుడు ముందు సున్నా నంబరుతో ఒక ఉత్తరం రాయడం మా పద్ధతి. ఏ ముక్కలో ఏముందో, ఎందుకు చేశామో అందులో ఉంటుంది. అది మొత్తం రావడానికి గంటన్నర పట్టింది. కాపీ చేసి పెడుతున్నాను.

"రత్నానికి. ఇంజను పోయి ఎనిమిది నెలలు. నలుగురం ఉన్నాం. తిండి ఇంకో ఐదు నెలలకి ఉంది, చేయి బిగబట్టుకుంటే ఆరు. రేవు దగ్గరకి వచ్చేసరికి చాలా ఏళ్ళు పడుతుందని తేలింది, కాబట్టి తొందరేమీ లేదు. డ్రైవర్ శుభ్రం చేస్తాను చేస్తాను అని నీచేత బోలెడు తిట్లు తిన్నాను. ఇక్కడ వేరే పని లేదు. చేశాను. మొదటి ఆరు ముక్కల్లో 3,020 వరుసలు పోయాయి. ఏడోది చిన్నది. పంటు మీ దగ్గరకి వచ్చినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ పంపమని యంత్రానికి చెప్పాను. తీరిగ్గా చూడు. నువ్వన్నదే నిజం, చెత్త చాలా ఉంది. మూడు మాత్రం ముట్టుకోకు. - దాలయ్య."

కింద పంటు యంత్రం తనంతట తాను కలిపే వరుస ఒకటి ఉంది: "చివరిసారి మనిషి చెయ్యి తగిలినది: పదిహేడేళ్ళ పది నెలల కిందట."

లెక్క కట్టాను. రెండుసార్లు కట్టాను. పంటు మొదటిసారి మా మీదుగా వెళ్ళినప్పటికే వాళ్ళు పోయి ఎనిమిదేళ్ళు దాటింది. నేను విన్నా వినకపోయినా అతను లేడు. నా సంతకం అతన్ని చంపలేదు.

ఈ ఒక్క లెక్కకి ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియలేదు. తర్వాత నేల మీద కూర్చుని ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళూ వస్తాడేమోనని ఏడవలేదు. బాబాయి నా వీపు మీద చెయ్యి వేసి అలాగే కూర్చున్నాడు. ఆ తర్వాత లేచి మిగతా ముగ్గురి ఇళ్ళకీ కబురు చెప్పడానికి వెళ్ళాడు.

24వ రోజు

ఇవాళ సాయంత్రంతో పంటు దూరమైపోయింది. ముక్కలన్నీ అందాయి.

ఏడోది చదివాను. ఒకే వరుస మార్పు. దాని గురించి ఇప్పుడు రాయను.

27వ రోజు

మూడు రోజులుగా దాలయ్య ప్యాచ్‌లు చూస్తున్నాను. ఆరూ, వరుస వెంట వరుస, వేలు పెట్టి. ఎంత బాగా శుభ్రం చేశాడు! ఇంత చేతనైనవాడు ఇంట్లో ఉండగా ఒక్కనాడు చేశాడా? తిండి లెక్కపెట్టుకుంటూ, చలిలో కూర్చుని, నేను ఎక్కడ వంక పెడతానో ముందే ఊహించి అక్కడక్కడా పక్కన రాశాడు. "ఇది నీకు నచ్చదు, తెలుసు." నచ్చలేదు కూడా.

నాలుగో దాంట్లో ఒక తప్పు దొరికింది. మొదటిదాన్నించి లెక్కపెట్టాల్సింది రెండో దాన్నించి మొదలెట్టాడు. ఎప్పుడూ ఇదే తప్పు. చూసేవాళ్ళు తప్పు దిద్దకూడదు, రాసినవాడికే తిప్పి పంపాలి అన్నది మా ఆచారం. కాబట్టి యాంటెన్నాని పంటు వెళ్ళిన వైపు తిప్పించి పంపాను: "నాలుగో ముక్క, 212వ వరుస. మళ్ళీ అదే పని చేశావు. దిద్ది పంపు. - రత్నం."

ఒక రోజు ఆగాను. అంత పిచ్చిదాన్ని కాను, జవాబు రాదని తెలుసు. అయినా ఆగాలనిపించింది. రోజు గడిచాక నేనే దిద్దాను.

శుభ్రం చేశాక డ్రైవర్ 1,092 వరుసలకి వచ్చింది. పురిటి గది కోడ్‌కి చోటు చాలి, ఇంకా కొంచెం మిగిలింది. షంషాద్‌కి రాశాను. "మా ఆయన చోటు ఇచ్చాడు" అని మాత్రం రాశాను.

30వ రోజు

ఈ పుస్తకం లిస్టుకి వెళ్ళదు, నేను తప్ప ఎవరూ చదవరు. అందుకని ఏడో ప్యాచ్ ఇక్కడ దించుతున్నాను.

"7లో 7. బాధ్యుల పట్టీలో దాలయ్య పేరు తీసివేత, నూకరత్నం పేరు చేర్పు. ఎవరి పేరు వాళ్ళే తీసుకోవాలని రూలు పెట్టావుగా. నా తర్వాత నువ్వు తీయలేక ఇబ్బంది పడతావని నేనే తీసేస్తున్నాను. ఇంక నాకోసం కూర్చోకు."

చూశారా పెద్దమనిషి! అంత దూరంలో ఉండి కూడా నాకు పని చెప్తున్నాడు.

లిస్టుకి నేను పంపిన ఉత్తరంలో ఇలా రాశాను: "దాలయ్య ప్యాచ్‌లు, 1 నుంచి 6 దాకా. చూశాను - నూకరత్నం. ఏడో ముక్క అందలేదు."

నలభై ఏళ్ళుగా తెప్పకి రాస్తున్నాను. లిస్టులో నేను ఆడిన అబద్ధం ఇదొక్కటే. చూడకుండా పెట్టిన సంతకాన్ని కూడా కలిపితే రెండు.

షంషాద్ ఫోన్ చేసింది. యాంటెన్నా ఏమేం విన్నదో ఆ వరుసలన్నీ ఎగువ రేవులో ఆ పిల్ల ముందు కూడా తెర మీద ఉంటాయి. ఆ సంగతి నాకు అప్పుడు తట్టింది.

"పిన్నిగారూ, ఊపిరి కాపలా పెట్టేశాం. ఇవాళ పొద్దున పుట్టిన పిల్లాడికే మొదలు. పడుకున్నాడు, ఊపిరి లెక్క మా గోడ మీద కనబడుతోంది."

"చల్లగా ఉండాలి."

"ఆరు ముక్కలే వచ్చాయని రాశారు."

"ఆరే."



"ఒక ముక్క మీరే దిద్దారు కాబట్టి రెండో సంతకం నేను పెట్టాలి కదండీ," అంది షంషాద్. "యాంటెన్నా వరుసలు అన్నీ తిరగేసి చూడాలి, పద్ధతి ప్రకారమైతే."

"అవునమ్మా. పద్ధతి ప్రకారం చూడాలి. చూడకుండా పెడితే ఏమవుతుందో మనిద్దరికీ తెలుసు."

"తెలుసండీ," అంది. "చూడలేదు. పెట్టేశాను."

లిస్టు తెరిచి చూశాను. ఆరు ప్యాచ్‌ల కిందా తన పేరుంది. పట్టీ తెరిచాను. గొట్టం రేడియో, బాధ్యుడు: దాలయ్య. ఎప్పటిలాగే ఉంది.

యంత్రం తొమ్మిదిన్నరేళ్ళకి ఏడో ముక్క మళ్ళీ పంపుతుంది. అప్పటికి నాకు అరవై తొమ్మిది. అప్పుడు కూడా సిగ్నల్ సరిగా ఉండకపోవచ్చు.